రేకు తొట్టిలో ఆకుకూర

పెరడు లేని ఇంట్లో నాలుగు కూర మొక్కలు పెంచుకొనే మార్గమేదైనా రాయమని కొందరు అక్కలు, అన్నలు అడుగుచున్నారు. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచే పద్ధతిని మేము ఇంట్లోనే మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. దీనినే హైడ్రోపోనిక్స్ అంటారు. మేము చేసిన రెండు పొరపాట్లను కూడా దాచకుండా చెప్పుచున్నాము. మీకు ఆ నష్టం రాకూడదనే మా కోరిక.

ఇదంతా అమ్మ కొరకు మొదలైంది. కాలు విరిగిన తరువాత ఆమె గడప దాటలేదు. వెనకటి పెరడంతా గదులైపోయింది. తోటకూర మడికి నీళ్లు పోయనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు. అటువంటి మనిషి గోడ వైపు చూస్తూ కూర్చోవడం మేము చూడలేకపోయాము.

ఈ విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె గారు నీళ్లలో టమాటా పండించి, 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అనే పేరును వాడుకలోకి తెచ్చారు. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ గారు బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేసి, ఖరీదైన సామాను లేకుండానే పెంచే పద్ధతిని చూపించారు. మోటారు లేకుండా, నీళ్లను కదిలించకుండా పెంచే తేలిక పద్ధతిని హవాయి విశ్వవిద్యాలయపు క్రాట్కీ గారు రూపొందించారు. మన పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనుక మేము దీనినే ఎంచుకొన్నాము.

ముందు బరువు లెక్క చూడండి. 4 అడుగుల పొడవు, అర అడుగు వెడల్పు, అర అడుగు లోతు గల తొట్టి నిండా పోస్తే 28 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 28 కిలోలు. ఒకదానిపై ఒకటి మూడు అరలు పెడితే 84 కిలోలు. చెక్క బల్ల తడికి ఉబ్బుతుంది, ప్లాస్టిక్ అర వంగుతుంది. అందుకే ఇనుప యాంగిల్‌తో స్టాండు చేయించి, తొట్లు జి.ఐ. రేకుతో మడిపించాము. రేకు కోసిన అంచులు చేయి కోయకుండా లోపలికి మడిపించండి. మూలలను రివిట్లతో బిగించండి, వెల్డింగు చేయించవద్దు. జింకు పూత కాలినప్పుడు వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది.

ఇక మా మొదటి పొరపాటు. రేకు తొట్టి మెరిసిపోతూ ఉంది గదా అని పోషకాల నీళ్లు నేరుగా అందులోనే పోశాము. రెండు వారాలు మొక్కలు బాగానే ఉన్నాయి. మూడో వారంలో లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఆకలితో ఉన్నాయేమో అనుకొని ఇంకొంత మందు కలిపాము. ఇంకా వడలిపోయాయి. పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, గోధుమ రంగులో ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు. "మట్టి ముట్టని మొక్క కదా నాయనా" అని అటు తిరిగి పడుకొంది. ఆ మాట మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

వ్యవసాయం చదివిన మా బంధువు ఒకరు వచ్చి అసలు సంగతి చెప్పారు. పోషకాల నీళ్లు కొంచెం పులుపుగా ఉండవలెను. ఆ పులుపుకు రేకు మీది జింకు కరిగి నీళ్లలో కలుస్తుంది. మొక్కకు జింకు కావలసిందే, కాని లీటరు నీటిలో మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు ఉంటే చాలు. ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు, వేరు ఎదగదు. రాగి, ఇత్తడి కూడా ఇంతే. కాబట్టి లోహం బరువు మోయడానికి మాత్రమే. అది నీళ్లకు తగలకూడదు.

అప్పటినుండి తొట్టి లోపల మందపాటి నల్ల పాలిథిన్ షీటు పరచుచున్నాము. షీటు ఒకే ముక్కగా ఉండవలెను. మూలల్లో కోయకుండా మడిచి, అంచు మీదుగా బయటికి తెచ్చి క్లిప్పులు పెట్టండి. ముందు మంచినీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, కారడం లేదని చూసుకోండి. పురుగుమందులు ఉంచిన డబ్బాలను, పాత రంగు డబ్బాలను ఎట్టి పరిస్థితిలోను వాడవద్దు. మనం తినే కూర ఇది.

మూతకు అంగుళం మందం థర్మోకోల్ తీసుకొని, అర అడుగుకొకటి చొప్పున ఏడు రంధ్రాలు చేయండి. అడుగున చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ కప్పులు వాటిలో దించి, తడిపిన కొబ్బరి పొట్టు నింపి విత్తనాలు వేయండి. మూత మీద నల్ల కవరు వేయండి. వెలుగు లోపలికి దిగితే నాచు పడుతుంది. సందులు లేకుండా మూయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మొదట నీళ్లు కప్పు అడుగును తాకవలెను. మొక్క తాగే కొద్దీ నీటిమట్టం తగ్గుతుంది, వేళ్లు కిందికి దిగుతాయి. పైన ఖాళీలో ఉన్న వేళ్లు గాలి పీల్చుకొంటాయి. మరల పోయవలసి వస్తే సగం వరకే పోయండి. పూర్తిగా నింపితే గాలికి అలవాటుపడిన వేళ్లు ఊపిరాడక చస్తాయి.

పోషకాలకు యూరియా పనికిరాదు. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని మార్చి మొక్కకు అందిస్తాయి. ఉత్త నీళ్లలో అవి చాలినన్ని ఉండవు. హైడ్రోపోనిక్స్ కొరకని ఏ, బి అని రెండు భాగాలుగా అమ్ముతారు, అవే కొనండి. రెంటినీ చిక్కగా ఉన్నప్పుడు ఒకదానిలో ఒకటి పోయవద్దు, సున్నంలా విరిగి అడుగున పేరుకొంటుంది. ఒకటి నీళ్లలో బాగా కలిపిన తరువాతనే రెండవది పోయండి. పులుపు చూసే కాగితంతో చూస్తే పి.హెచ్. 5.5 నుండి 6.5 మధ్య ఉండవలెను. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి గనుక వాన నీళ్లు పట్టి వాడుచున్నాము.

రెండవ పొరపాటు ఇంకా పెద్దది. అడుగు అరకు ఎండ అందదని 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు రెండు స్టాండుకే కట్టాము. యాంగిల్ అంచుకు రాసుకొని వైరు తొడుగు తెగింది. మేము గమనించలేదు. ఒకరోజు అమ్మ ఆకులు తడిమి చూద్దామని స్టాండు పట్టుకొంది. చేయి జిల్లుమని వెనక్కి లాగింది. కాళ్లకు చెప్పులు ఉండబట్టి బతికిపోయింది. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. ఆమె సంతోషం కొరకు చేసినదే ఆమె ప్రాణం మీదికి తెచ్చేది.

మరునాడే మెకానిక్‌ను పిలిచి స్టాండుకు ఎర్తింగు వేయించాము. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాము. లైట్లను పైకప్పు నుండి వేలాడదీసి, వైర్లను పైపులో నడిపించాము. ఈ మూడూ చేయలేనివారు లైట్లు పెట్టవద్దు. తూర్పు కిటికీ దగ్గర ఒక్క అర పెట్టుకొంటే చాలు. నీళ్లు, ఇనుము, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు పొదుపు చూడకూడదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. రెండు ట్యూబులు రోజుకు 12 గంటలు వెలిగితే దాదాపు అర యూనిట్టు, నెలకు 14, 15 యూనిట్లు. స్టాండు ఖర్చు ఆకుకూర ధరతో త్వరగా తీరదు. కాస్త నేల ఉన్నవారు నేలలోనే వేసుకోండి. నేల లేనివారికి, చవిటి నేల ఉన్నవారికి, మంచం దిగలేని పెద్దలున్న ఇంటికి ఇది పనికివస్తుంది. తోటకూర, పుదీనాతో మొదలుపెట్టండి. తోటకూర నెల లోపల కోతకు వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే వేళ్లు కుళ్లుతాయి గనుక తొట్లకు ఎండ తగలనివ్వవద్దు. వాడిన నీళ్లను కొబ్బరి చెట్టుకు పోయండి.

ఇప్పుడు మా ఇంట్లో తొట్ల పెత్తనం అమ్మదే. పొద్దున్నే కుర్చీ అక్కడ వేయించుకొని, ఏ కప్పులో ఎన్ని ఆకులు వచ్చాయో లెక్క చెప్పుచున్నది. మొన్న తోటకూర పప్పు తిని, "మట్టి వాసన లేదు గాని, రుచి బాగానే ఉందర్రా" అన్నది. ఆ మాట చాలనుకొన్నాము.

మీ ఇంట్లో ఇటువంటి ప్రయత్నం ఎవరైనా చేసి ఉంటే మాకు తెలియజేయండి. మీ అనుభవం మరొక ఇంటికి ఉపయోగపడుతుంది.