గట్టు మీది నేల ఉసిరి

సార్వా నాట్లు ముగిసి చేలు పచ్చబడు దినములలో గోదావరి డెల్టాలో ఏ గట్టు చూచినను నేల ఉసిరి కనపడును. దాని పక్కనే గుంటగలగర, సరస్వతి ఆకు, తుంగ, అటికమామిడి మొలచును. వ్యవసాయ శాఖ పుస్తకములలో ఇవి కలుపు మొక్కలు. ఇండ్లలోని పెద్దలకు ఇవి మందులు. పచ్చకామెర్లు వచ్చెననగానే నేల ఉసిరిని సమూలముగ పెరికి, నూరి, పసరు తీసి, మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగించుట మన పల్లెలలో నేటికిని గలదు.

గత సార్వాలో నేనొక గ్రామమున పొలములు చూచుచు పోవునపుడు, ఒక వృద్ధురాలు గట్టుపై కూర్చుండి ఈ మొక్కను ఏరుచుండెను. మనుమనికి కామెర్లట. ఆ గట్టుకు నాలుగు రోజుల క్రితమే గడ్డి మందు కొట్టితినని ఆ చేను రైతు అంతకు ముందే నాతో చెప్పియుండెను. మొక్క మాత్రము ఇంకను పచ్చగనే యున్నది. "మామ్మగారూ, ఆ మొక్క కొయ్యకండి" అంటిని. "ఇది మా అత్తగారి నాటి మందు బాబూ, దీనికి దోషమేమున్నది?" అని ఆమె అడిగెను. మొక్క ఆమె అత్తగారి నాటిదే. గట్టు మాత్రము ఆ నాటిది కాదు. ఆ సంగతి నచ్చజెప్పి, బాలుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపించుటకు అరగంట పట్టినది. ఆనాటినుండి ఈ విషయమును గురించి వ్రాయవలెనని అనుకొనుచున్నాను.

నాటు మందుల విషయమున మనలో రెండు పక్షములు గలవు. అదంతయు మూఢనమ్మకమని చదువుకున్నవారు కొందరు త్రోసివేయుదురు. పూర్వులు చెప్పినదానికి పరీక్ష ఎందుకని మరికొందరు వాదింతురు. నా అభిప్రాయమున ఈ రెండును సేద్యము తెలిసినవారు అనదగిన మాటలు కావు. రైతు క్రొత్త వంగడమును ఎట్లు స్వీకరించునో, మందును కూడ అట్లే స్వీకరింపవలెను.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రము 1925లో ఏర్పడినది. స్వర్ణ వంటి వంగడములు అచటినుండియే వచ్చినవి. ఒక మడిలో ఒక పంట బాగుగ పండినంత మాత్రమున అచట ఏ వంగడమునకును పేరు పెట్టరు. క్రొత్త వంగడపు మడి పక్కనే పాత వంగడపు మడిని ఉంచి, రెండింటికిని ఒకే నీరు, ఒకే ఎరువు ఇచ్చి, పలు మడులలో, పలు సంవత్సరములు చూతురు. పిమ్మట రైతుల పొలములలో చిరు సంచులతో పరీక్షింతురు. ఇంత శ్రమ ఎందుకు? పంట బాగుండుట వంగడము వలననా, ఆ యేటి వాన వలననా అని తేల్చుటకే.

కామెర్ల సంగతియు ఇట్టిదే. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లలో పెక్కు భాగము కొన్ని వారములలో తమంతట తామే తగ్గిపోవును. ఆ వారములలో ఏ పసరు త్రాగినను ఆ పసరుకే పేరు వచ్చును. పక్కన పసరు త్రాగని మడి ఉన్నగాని పసరు గుణము తెలియదు.

నేల ఉసిరికి ఇట్టి పరీక్ష జరిగినది. 1988లో మద్రాసుకు చెందిన డాక్టరు ఎస్.పి. త్యాగరాజన్, ఆయన సహచరులు తమ ఫలితములను లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటించిరి. హెపటైటిస్-బి వైరసు రక్తములో నిలిచిపోయిన వారిలో 37 మందికి నేల ఉసిరి పొడిని పూటకు 200 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడు పూటలు, 30 దినములు ఇచ్చిరి. 23 మందికి చూచుటకు అట్లే యుండు ఉత్తి పొడి ఇచ్చిరి. మొదటివారిలో 22 మందికి రక్తములో ఆ వైరసు గుర్తు కనపడకుండ పోయినది; రెండవవారిలో ఒక్కరికే పోయినది. లోకమంతయు ఆశ్చర్యపడినది. అయితే పిమ్మట థాయిలాండు, నెదర్లాండ్సు దేశములలో జరిగిన పరీక్షలలో అట్టి ఫలితము రాలేదు. అన్ని పరీక్షలను కలిపి చూచిన 2011 నాటి సమీక్షలో, ఈ మొక్క దీర్ఘకాలిక హెపటైటిస్-బికి మేలు చేయునని నమ్మదగిన నిదర్శనము లేదని తేలినది.

దీనిని చూచి పెద్దలు అబద్ధమాడిరని అనుట తొందరపాటు. మన పల్లెలలో కామెర్లకిచ్చు పసరు వేరు, అచట పరీక్షించిన పొడి వేరు, ఆ వ్యాధి వేరు. అట్లని గుణము ఋజువైనదని చెప్పుటయు సరికాదు. మార్టేరు భాషలో చెప్పవలెనన్న, ఇది ఒకచోట బాగుగ పండి, మరి రెండుచోట్ల పండని వంగడము. ఇట్టి వంగడమును ఇంటి గింజలన్నియు పోసి చల్లువాడు వివేకి కాడు.

ఇందులో మొక్క గుర్తింపు మొదటి చిక్కు. నేల ఉసిరి వలె కనపడు జాతులు పెక్కు గలవు. అసలు దానిలో కాయకు సన్నని తొడిమ ఉండి పైచర్మము నునుపుగ నుండును. ఒక జాతిలో తొడిమ లేనట్లుండి కాయ గరుకుగ నుండును. దక్షిణ భారతములోని పచారీ మందుల దుకాణములలో దొరకు నేల ఉసిరిని పరిశీలించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 24 దుకాణముల సరుకులో ఇతర జాతులు కనబడినవి. కేళీలు కలిసిన విత్తనము వేసి వంగడమును నిందించుట ఎట్టిదో, జాతి తెలియని మొక్కతో మందును తూచుట అట్టిదే.

శాస్త్రము నాటు వైద్యమునకు శత్రువు కాదు. చైనా దేశమున తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు మలేరియాకు మందు వెదకుచు, నాలుగవ శతాబ్దపు వైద్య గ్రంథమొకటి చదివినది. ఒక మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ పసరు త్రాగవలెనని అందులో ఉన్నది. కాచుట వలన గుణము పోవుచున్నదేమో యని ఆమెకు తోచి, తక్కువ వేడిలో సారమును తీసినది. ఆ దారిన ఆర్టెమిసినిన్ అను మందు లభించినది; ఆమెకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. పాత గ్రంథము దారి చూపినది, పరీక్ష ఆ దారిని నిలబెట్టినది.

మన భీమవరమున 1895లో జన్మించి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లుటకు ముందు మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించిరి. ఆయుర్వేదమును ఆధునిక శాస్త్రపు పునాదిపై నిలుపవలెనని వారు తలచిరి. 1947 నాటికి వారి పర్యవేక్షణలో తయారైన హెట్రజాన్ మన డెల్టాను పీడించిన బోదకాలు వ్యాధికి మందైనది. అది మొక్కనుండి తీసినది కాదు. అయినను ఆయుర్వేదమును గౌరవించుటకు, ప్రయోగశాలలో ఋజువు అడుగుటకు విరోధము లేదని వారి జీవితమే చెప్పుచున్నది.

ఇక తక్షణమే గమనింపవలసిన సంగతులు. మొదటిది, కామెర్లు ఒక్క వ్యాధి కాదు. వరి చేలలో పని చేయువారికి ఎలుక జ్వరము వచ్చును. ఎలుకల మూత్రము కలిసిన నీటిలో నిలిచినపుడు కాలి పగుళ్ల ద్వారా ఆ క్రిమి శరీరములో ప్రవేశించును. జ్వరము, పిక్కల నొప్పి, కండ్లు ఎర్రబారుట మొదట కనపడి, ముదిరినచో కామెర్లు వచ్చి మూత్రము తగ్గును. దీనికి సకాలమున యాంటిబయోటిక్ ఇచ్చిన రోగి బ్రతుకును. పసరుతో వారము గడిపిన ప్రాణము మీదికి వచ్చును. నిండు గర్భిణికి నీటి వలన వచ్చు హెపటైటిస్-ఇ మిక్కిలి ప్రమాదకరము. కావున కండ్లు పచ్చబడిన ఎవరికైనను ముందు రక్త పరీక్ష, తరువాతనే మిగిలిన మాట. గర్భిణి, జ్వరము గలవారు, మగత కమ్మినవారు, మూత్రము తగ్గినవారు ఒక్క రోజైనను ఆగరాదు.

రెండవది, గట్టు మందుల కొట్టు కాదు. గ్లైఫోసేట్ చల్లిన మొక్క కొన్ని రోజుల వరకు పచ్చగనే కనపడును. పారాక్వాట్ కడుపులోనికి పోయినచో దానికి విరుగుడు లేదు. ఎసిఫేట్ వంటి పురుగు మందులు మొక్కలోనికే ప్రవేశించును, కడిగినను పోవు. కాలేయము చెడిన వానికి ఇట్టి ఆకు పసరు పోయుట మంటపై నూనె పోయుటే. మందు చల్లిన రైతు ఆ సంగతి ఇరుగుపొరుగు వారికి చెప్పవలెను. గట్టుపై ఒక కర్రకు గుడ్డ కట్టి గుర్తు పెట్టుట మంచిది. ఔషధ మొక్కలు కావలసినవారు పెరటిలో మందు తగలని చోట పెంచుకొనవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. ఆ రిజిస్టరును కార్యాలయములో కూర్చుండి నింపరాదు. మంత్రసానులను, పశువులకు మందిచ్చు వారిని, వృద్ధ స్త్రీలను అడిగి, మొక్క పేరు, ఏ భాగము, ఏ ఋతువులో, ఎంత, దేనితో, ఎవరికి ఇవ్వరాదు అను వివరములు వ్రాయవలెను. మొక్కను ఎండబెట్టి కాగితమునకు అంటించి వృక్షశాస్త్రము తెలిసినవారి చేత పేరు నిర్ణయింపజేయవలెను. వ్రాత విలువ ఎంతో పసుపు సంగతి వలన తెలిసినది. గాయములకు పసుపు వాడుటపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును, మన పాత వ్రాతలను చూపియే భారత శాస్త్ర పరిశోధన మండలి 1997లో రద్దు చేయించినది. నోట ఉన్న విద్య మనిషితో పోవును. వ్రాసిన విద్య పరీక్షకును, న్యాయమునకును నిలుచును.

ఆ వృద్ధురాలి వద్దకు నేను మరల పోవలెను. ఈసారి ఆమెను వారించుటకు కాదు. ఆమె అత్తగారు నేర్పిన మొక్కలన్నింటిని వరుసగ అడిగి, ఆ పంచాయతీ రిజిస్టరులో వ్రాయించుటకు.