గ్రాండు కాన్యనులో విష్ణ్వాలయము

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున కొలరాడో నది రాతినేలను కోసికొని పోయినచోటునే గ్రాండు కాన్యను అందురు. నదివెంట దీని పొడవు 446 కిలోమీటర్లు. లోతు మైలునకు మించును. 1919లో దీనిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. ఉద్యానమన్న పేరేగాని పూలతోట కాదు సుమా!

దక్షిణపుటంచున తూర్పుగా డెజర్టు వ్యూ వఱకు 37 కిలోమీటర్ల బాట కలదు. మోటారుబండిలో పోవుచు మలుపు మలుపునను ఆగి చూడవచ్చును. ప్రొద్దు వాలుకొలది రాళ్లు ఎఱుపునుండి ఊదావన్నెకు మాఱును. కొసనున్న రాతిబురుజును 1932లో కట్టిరి. దానిని రూపొందించినది మేరీ కోల్టర్ అను స్త్రీ! ఈ సంగతి విని మేము ఆ మెట్లను రెండుమాఱులు ఎక్కితిమి.

లోయ నడుమనున్న శిఖరములకు విష్ణ్వాలయము, శివాలయము అని పేర్లు. గుడియు లేదు, గంటయు లేదు. 19వ శతాబ్దమున క్లారెన్సు డటన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అట్లు పిలిచెను. మన వేల్పుల పేర్లు విని మొదట సంతసించితిమి. పిమ్మట వేఱొక కథ వింటిమి. ఈ లోయలోని ఒకచోట ఊటనీటితో పైరుపెట్టుకొని తరతరములుగా బ్రతికిన హవాసుపాయి జాతివారిని 1928 నాటికి అచ్చటినుండి వెడలగొట్టిరి. ఆ చోటునకు వారి పేరు పెట్టుటకు 2022 వఱకు పట్టినది! ఎన్నడును చూడని దేవతలకు శిఖరములిచ్చినవారు ఇంటివారికి చేరెడు నేల ఉంచలేకపోయిరా?

వేసవిలో పోవువారు లోనికి దిగవలదు. అంచునకంటె అడుగున ఎండ మిక్కిలి తీవ్రము. దిగునపుడు తెలియదు, ఎక్కునపుడు ప్రాణములమీదికి వచ్చును. అడ్డుగోడ లేని అంచులు పెక్కులు గలవు గనుక పిల్లల చేయి విడువరాదు.