ఆడేవాడూ కార్మికుడే

కూలి తీసుకుని, ఒకరు చెప్పిన వేళకు, ఒకరు చెప్పిన చోట, ఒళ్ళు వంచి చేసేదాన్ని మనం పని అంటాం. చేసేవాడిని కార్మికుడంటాం. తునికాకు కోసినా అంతే, రోడ్డు మీద తట్ట మోసినా అంతే. మరి జీతానికి కబడ్డీ ఆడేవాడిని, ఫుట్‌బాల్ ఆడేవాడిని ఏమనాలి? మన చట్టం దీనికి సూటిగా జవాబు చెప్పదు. చెప్పి తీరాలన్నదే నా వాదన.

మనకెందుకీ గొడవ అనుకోవద్దు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోతు సౌమ్య దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడింది. ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఒడిశాలోని సుందర్‌గఢ్ ఆదివాసీ గ్రామాలు లేకపోతే భారత హాకీ లేదు. భూమి చేజారిన ఇళ్ళలో పిల్లలకు మిగిలిన ఆస్తి ఒళ్ళే. దానికి ధర కట్టేవాళ్ళు వచ్చినప్పుడు, దాని హక్కుల గురించి మాట్లాడాల్సింది మనమే.

మన రాజధానిలోనే జరిగింది చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్ళు తిరక్కముందే జీతాలు బకాయి పడ్డాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కుర్రాళ్ళతో నెట్టుకొచ్చిన ఆ జట్టు 2023-24లో అట్టడుగున నిలిచి, తర్వాత పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. రెండు నెలల జీతం ఆగితే 15 రోజుల నోటీసిచ్చి ఒప్పందం తెంచుకోవచ్చని ఫుట్‌బాల్‌లో ఒక నియమం ఉంది. అది ఫిఫా పెట్టింది, మన పార్లమెంటు కాదు.

2025లో లీగ్ హక్కుల సంగతి తేలక సీజన్ ఆగిపోయింది. బెంగళూరు ఎఫ్‌సీ తన ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా ఆపేసింది. 50 మందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీ ఇలా పని ఆపితే, లే-ఆఫ్ కింద కార్మికుడికి సగం జీతం ఇవ్వాలని చట్టం ఎప్పటినుంచో ఉంది. మైదానానికి అలాంటి చట్టం లేదు.

కబడ్డీలో 2014 నుంచి ప్రో లీగ్ వచ్చింది, వేలం వచ్చింది. వేలం డబ్బు ఆటగాడికే పోతుంది, నిజమే. కానీ ఎవరి దగ్గర పనిచేయాలో ఎంచుకునే వీలు అతనికి ఉండదు. ఎవరు ఎక్కువ పాడితే వారి వెంట నడవాలి. 2022లో పవన్ సెహ్రావత్‌ను 2.26 కోట్లకు కొన్నారు. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ సీజన్ మొత్తం పోయింది. పేరున్నవాడు కాబట్టి మరుసటి ఏడు తెలుగు టైటన్స్ అంతకన్నా ఎక్కువకే కొన్నారు. అదే మోకాలు 9 లక్షల తరగతిలో వేలానికి వచ్చిన కుర్రాడిదైతే? మరుసటి ఏడు అతని పేరు ఎవరూ పిలవరు. ఇంటికొచ్చి కుంటుతూ దుక్కి దున్నాలి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు తిరగేయండి. పాత్రికేయుల పేరుంది. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల పేరుంది. ఆడియో విజువల్ కార్మికుల కింద నటుడు, గాయకుడు, యాంకర్ ఉన్నారు. టీవీలో మాట్లాడేవాడి పేరుంది, మైదానంలో ఆడేవాడి పేరు లేదు. ఇంకోపక్క, బీసీసీఐ చేసేది వ్యాపారమేనని, ఈఎస్ఐ చట్టం కింద అదీ ఒక షాపేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆట నడిపేవాళ్ళది షాపైతే, అందులో చెమటోడ్చేవాళ్ళు ఎవరు?

"కోట్లు తీసుకునేవాళ్ళకు కార్మిక హక్కులేమిటి?" అంటారు. కోట్లు పదిమందికే. చట్టం మిగిలిన వందలమంది కోసం. "ఆట ఇష్టంతో ఆడేది, పని కాదు" అంటారు. నేను పాఠం కూడా ఇష్టంతోనే చెబుతాను. అంతమాత్రాన ఒకటో తారీఖున జీతం వద్దంటానా? ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎంత బరువుండాలో కూడా యజమాని చెప్పే పని ఇంకెక్కడైనా ఉందా?

చట్టం మారదనీ అనుకోవద్దు. ఉపాధ్యాయులు 'వర్క్‌మన్' కిందికి రారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2009 సవరణతో ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు వచ్చింది. యూరప్‌లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుకెక్కాడు. ఒప్పందం ముగిశాక కూడా బదిలీ సొమ్ము కోసం ఆటగాడిని ఆపకూడదని 1995లో తీర్పు తెచ్చుకున్నాడు.

మన పెద్దాయన జైపాల్ సింగ్ ముండాను గుర్తు చేసుకోండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ కెప్టెన్‌గా వెళ్ళడానికి ఐసీఎస్ శిక్షణ నుంచి ఆయనకు సెలవు దొరకలేదు. అయినా వెళ్ళారు. చివరికి ఐసీఎస్‌నే వదిలేశారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు కాబట్టి నిలదొక్కుకున్నారు. మన పిల్లల్లో ఎందరికి ఆ వీలుంది?

అందుకే మనం అడగాల్సినవి ఇవి: డబ్బుకు ఆడే ప్రతివారినీ కార్మికులని చట్టం పేరు పెట్టి చెప్పాలి. గాయపడినవారికి వైద్యం, ఒప్పంద కాలమంతా జీతం దక్కాలి. ఒప్పందం ఆటగాడికి వచ్చిన భాషలో ఉండాలి. సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, చట్టం వచ్చేదాకా ఆగొద్దు. పిల్లల చేత రైడ్ ఎంత బాగా చేయిస్తున్నామో, ఒప్పంద పత్రం అంత బాగా చదివించాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తునికాకు కట్టకు రేటు తేలందే మనవాళ్ళు అడవిలో అడుగు పెట్టలేదు. మీ మోకాలు ఆకు కట్టకన్నా చవకేమీ కాదు. అన్నీ తేలాకే సంతకం పెట్టండి.