ప్రశ్న బస్తర్ నుంచి రావాలి

2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు సమీపంలోని అంబేలి వద్ద మందుపాతర పేలి ఎనిమిది మంది డీఆర్‌జీ జవాన్లు, వారి వాహనం డ్రైవరు మరణించారు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరణ్‌పూర్ వద్ద పది మంది జవాన్లు, ఒక డ్రైవరు ఇలాగే బలయ్యారు. అంతకుముందు 2018 మార్చిలో సుక్మా జిల్లా కిష్టారం వద్ద తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. మందుపాతరలను తట్టుకునేందుకని తయారుచేసిన వాహనంలోనే వాళ్లు చనిపోయారు. ఏ ఘటన తర్వాతైనా వినిపించే మాట ఒకటే: చంద్రుడి మీదికి వెళ్లిన దేశం రోడ్డు కింద ఏముందో కనిపెట్టలేదా?

కనిపెట్టడానికి డబ్బు లేదనడం ఇవాళ కుదరదు. 2018లో మొదలైన ఐడెక్స్ అంకుర సంస్థలకు తొలుత కోటిన్నర వరకు ఇచ్చేది. తర్వాత వచ్చిన ఐడెక్స్ ప్రైమ్‌లో అది పది కోట్లకు, ఆదితి పథకంలో 25 కోట్లకు పెరిగింది. డీఆర్‌డీవో నడిపే సాంకేతికాభివృద్ధి నిధి కింద ఒక్కో ప్రాజెక్టు పరిమితిని 2022లో పది కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేళ్లలో 50 వేల కోట్లు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో సింహభాగం ప్రైవేటు వర్గాల నుంచి రావాలట. వచ్చినప్పుడు చూద్దాం.

నా దృష్టిలో అసలు చిక్కు ప్రశ్న దగ్గరుంది. పరిశోధనకు నిధులిచ్చే ఏ ప్రభుత్వ సంస్థ అయినా ముందు ఒక ప్రకటన ఇస్తుంది. మాకు ఫలానా సమస్య ఉంది, పరిష్కారంతో రండి అంటుంది. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు ప్రతిపాదనలు పంపుతాయి. నిపుణుల సంఘం వడపోసి, విడతలవారీగా సొమ్ము విడుదల చేస్తుంది. చివరికి చేతికొచ్చే పరికరం ఆ మొదటి ప్రకటనలోని నాలుగు వాక్యాలను బట్టే ఉంటుంది. ‘పేలుడు పదార్థాలను దూరం నుంచి గుర్తించే సాధనం’ అని అడిగితే అలాంటిదే వస్తుంది. బస్తర్‌కు కావలసింది అది కాకపోవచ్చు.

మన ముంగిటి ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీవో నిధులతో ఏర్పాటైన అక్రెమ్ కేంద్రం లేజర్ కాంతితో పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పద్ధతులపై ఏళ్ల తరబడి పనిచేసింది. పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి తయారుచేసిన రైడర్-ఎక్స్‌ను 2019లో ఆవిష్కరించారు. రెండూ చిన్న పనులు కావు. సంచి మీదో కారు తలుపు మీదో అంటుకున్న రేణువును పట్టడానికి అవి పనికొస్తాయి. కానీ మావోయిస్టులు రోడ్డు పక్కనుంచి నక్క బొరియలాంటి సొరంగం తవ్వి, తారు చెక్కు చెదరకుండా దాని కింద పదుల కిలోల మందు పెడతారు. పైన రేణువూ ఉండదు, మట్టి తవ్విన గుర్తూ ఉండదు.

పోనీ లోహ శోధకం వాడదామా? ఇది బైలాడిలా కొండలున్న ప్రాంతం. 1968 నుంచి ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వుతున్నది ఇక్కడే. ఇనుము కలిసిన ఎర్రమట్టి మీద లోహ శోధకం ఊరికే కూస్తుంది. ఆ తప్పుడు కూతలకు విసిగిన జవాను చెవి అసలు కూతను కూడా నమ్మదు. అటు చూస్తే వెదురు, చెక్క, ఇంజెక్షన్ సిరంజీలతో చేసే ప్రెషర్ బాంబుల్లో లోహం నామమాత్రం. భూమి లోపలికి రేడియో తరంగాలు పంపే రాడార్ ఉంది గానీ, వానాకాలం తడిసిన బంకమట్టి ఆ తరంగాలను మింగేస్తుంది. సర్వీసులో ఉండగా ఇలాంటి ఒక పరికరం పరీక్షకు నేనూ వెళ్లాను. చదును చేసిన పొడి ఇసుకలో అది భేషుగ్గా పనిచేసింది. చెట్ల వేళ్లు, రాళ్లు ఉన్నచోట కూడా చూద్దామంటే, అది పరీక్షా నిబంధనల్లో లేదన్నారు.

డబ్బు కుమ్మరించినంత మాత్రాన ఈ చిక్కు వీడదని అమెరికా అనుభవం చెబుతోంది. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో ఐఈడీల నుంచి సైనికులను కాపాడేందుకు 2006లో అది ప్రత్యేక సంస్థనే పెట్టింది. వేల కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2010లో ఆ సంస్థ అధిపతి తేల్చిందేమిటంటే, శిక్షణ పొందిన కుక్కను మించిన శోధకం లేదని! మన బలగాలదీ అదే అనుభవం. కానీ 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల ఆపరేషన్‌లో పాల్గొన్న సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో తేనెటీగల దాడిలో చనిపోయింది. ఏ ప్రతిపాదనల ప్రకటనలోనైనా తేనెటీగల ప్రస్తావన ఉంటుందా? అడవిలో రోజులు గడిపినవాడికే అది తోస్తుంది.

ఆ అడవిలో ఉన్నవాళ్లేమో రక్షణ శాఖ మనుషులు కారు. సీఆర్‌పీఎఫ్ కేంద్ర హోంశాఖది, డీఆర్‌జీ రాష్ట్ర పోలీసులది. సాంకేతికాభివృద్ధి నిధి ఉద్దేశించింది త్రివిధ దళాలు, రక్షణ ఉత్పత్తి విభాగం, డీఆర్‌డీవో అవసరాలకు. డీఆర్‌డీవో తన ఉత్పత్తులను పోలీసు బలగాలకూ ఇస్తున్న మాట నిజమే. ఎవరికోసమో తయారైనదాన్ని తెచ్చి ఇవ్వడం ఒకటి, నీకేం కావాలని మొదటే అడగడం మరొకటి. హోంశాఖకు 1970 నుంచి పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ ఉంది. సీఆర్‌పీఎఫ్‌కు పుణెలో ఐఈడీలపై ప్రత్యేక శిక్షణ సంస్థ ఉంది. రక్షణ శాఖ నిధులు, ఈ సంస్థల అనుభవం ఒకే ప్రకటనలో కలిసేలా రెండు మంత్రిత్వ శాఖలు ఒక ఒప్పందానికి రావాలి.

ఆ ప్రకటన రాసే బల్ల దగ్గర బాంబు నిర్వీర్య దళం హవల్దార్‌కు ఒక కుర్చీ వెయ్యాలి. పరీక్షలు కాంకేర్ అడవి యుద్ధ శిక్షణ కళాశాల పరిసరాల్లో, అదీ ఆగస్టులో జరగాలి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు 1970లలో నేతృత్వం వహించిన జార్జ్ హైల్మైయర్ ప్రతి ప్రతిపాదననూ కొన్ని సూటి ప్రశ్నలతో నిలదీసేవారు. విజయాన్ని తేల్చే మధ్యంతర, తుది పరీక్షలు ఏమిటన్నది వాటిలో ఒకటి. మన దగ్గర ఆ స్థానాన్ని చాలావరకు వినియోగ ధ్రువపత్రం ఆక్రమించింది. సొమ్ము సక్రమంగా ఖర్చయిందా అని ఆడిట్ అడుగుతుంది, పరికరం బురదలో పనిచేసిందా అని అడగదు. నిజాయతీగా ప్రయత్నించి విఫలమైన శాస్త్రవేత్తను సంజాయిషీలతో వేధించడమూ మానాలి. లేకపోతే ఎవరూ కష్టమైన సమస్య జోలికి రారు. పరీక్ష నెగ్గిన పరికరాన్ని మాత్రం ఫలానా సంఖ్యలో కొంటామని ముందే రాసివ్వాలి. అతి తక్కువ ధర చెప్పినవాడికే కొనుగోలు అంటే, చెమటోడ్చి తయారుచేసిన చిన్న కంపెనీ మలి టెండరులో గల్లంతవుతుంది.

మావోయిస్టు హింసను 2026 మార్చి 31లోగా తుదముట్టిస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. పోరు సద్దుమణిగితే నిధుల ఆసక్తీ చల్లబడుతుంది, అదే నా భయం. తుపాకీ పట్టినవాడు లొంగిపోవచ్చు, పాతిన బాంబు లొంగిపోదు. కర్రెగుట్టల్లో 21 రోజుల ఆపరేషన్‌లో 450 ఐఈడీలు దొరికాయని అధికారులే ప్రకటించారు. పాతినవాళ్లు చనిపోయిన చోట్ల వాటి జాడ చెప్పేవారు కూడా ఉండరు. 2024లో మన ములుగు జిల్లా వాజేడు అడవుల్లో మందుపాతర మీద కాలు పడి చనిపోయింది జవాను కాదు, కట్టెల కోసం వెళ్లిన గ్రామస్థుడు. బస్తర్‌లో వేసవి వస్తే ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారకముందే అడవిలోకి వెళ్తారు. కాలిబాటలను శుభ్రం చేసే చవకైన, మోసుకెళ్లగల సాధనం కోసం ప్రతిపాదనలు ఇప్పుడే పిలిస్తే, వడపోతలూ పరీక్షలూ దాటి అది అక్కడికి చేరడానికి ఎంత లేదన్నా రెండు మూడు తునికాకు సీజన్లు పడుతుంది.