పాడేవాడికీ వంత కావాలి

గల్ఫ్‌లో తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట ఒక పాటగాడు ఉంటాడు. బతుకమ్మకైనా, ఉగాదికైనా, సెలవు మీద ఊరికి వెళ్లేవాడి వీడ్కోలుకైనా ముందు పిలుపు అతనికే. తల్లి పోయిన కబురు వచ్చి, వెళ్లడానికి వీల్లేక గదిలో మౌనంగా కూర్చున్నవాడి పక్కన నాలుగు తత్వాలు పాడవలసిందీ అతనే. ఖతర్ ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. దోహాలో జరిగే పెద్ద కార్యక్రమాలు మాకు సుమారు నూరు కిలోమీటర్ల దూరం. గురువారం రాత్రి ఒకరి గదిలో పది పదిహేను మందిమి చేరి పాడుకునే పాటలే మా పండుగ. ఆ పాట మందులా పనిచేస్తుందని మాలో ఎవరిని అడిగినా చెబుతారు. పాడేవాడి మనసుకు మందేమిటని మాత్రం మన సంఘాల సమావేశాల్లో గానీ, మన ప్రభుత్వాల గల్ఫ్ విధానాల్లో గానీ ఎవరూ అడగగా నేను వినలేదు.

ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. 2025లో ‘రాను బొంబాయికి రాను’ అనే జానపద గీతం తెలుగువాళ్లున్న దేశాలన్నింటా మోగింది. పేరులోనే వలస ఉన్న పాట అది. దానితో పేరు తెచ్చుకున్న పాలమూరు యువకుడు రాము రాథోడ్ అదే ఏడాది బిగ్‌బాస్ తెలుగు తొమ్మిదో సీజన్‌లో అడుగుపెట్టాడు. ఇంటి మీద బెంగతో నవంబరులో తనంతట తానే బయటికి వచ్చేశాడు. వచ్చిన అవకాశాన్ని చేజేతులా వదులుకున్నాడని నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మా గదిలో ఎవరూ ఆ మాట అనలేదు. రెండేళ్లకోసారి ఇంటి గడప తొక్కేవాళ్లకు బెంగ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మాకు కొత్తగా తోచింది ఒక్కటే. జనం కోట్లసార్లు విని చిందులేసిన గొంతు కూడా దిగులు పడుతుంది, ఆ సంగతి నలుగురి ముందు చెప్పుకోవచ్చు.

ఫోన్‌లో పుట్టే పాట

ఉత్తర తెలంగాణలో బతుకుతెరువును మూడు మాటల్లో చెబుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మూడింటి మీదా పాటలున్నాయి. గల్ఫ్ పాట ఎలా పుడుతుందో నేను దగ్గరి నుంచి చూస్తున్నాను. మా పాటగాడిది జగిత్యాల వైపు ఒక పల్లె. ఇక్కడ షట్టరింగ్ పని. బాణీ కోసం అతను ఎక్కడా వెతకడు. చిన్నప్పుడు విన్న ఉయ్యాల పాటదో, నాట్ల పాటదో, ఒగ్గు కథదో ఒక వరస తీసుకుంటాడు. సైటుకు బస్సులో వెళ్లే ముప్పావు గంటలో రెండు చరణాలు నోట్లోనే తిప్పుకుంటాడు. రాసుకోవడం తర్వాతి మాట. గదిలోవాళ్లు పడుకున్నాక ఏసీ ఆపి, చప్పుడు రాకుండా దుప్పటి ముసుగేసుకుని ఫోన్‌లో పాడి ఊరికి వాట్సాప్ చేస్తాడు. కరీంనగర్‌లో తెలిసిన కుర్రాడు డప్పు, కీబోర్డు కలిపి యూట్యూబ్‌లో పెడతాడు.

ఇంతవరకు సంతోషమే. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఎంతమంది చూశారోనని రాత్రి రెండు మూడుసార్లు లేచి ఫోన్ చూసుకోవడం ఒకటి. ‘ఇంకో ఏడిపించే పాట పెట్టన్నా’ అంటూ వచ్చే మెసేజ్‌లు ఇంకొకటి. గల్ఫ్ పాట అంటే శవపెట్టె, తీరని అప్పు, ఎదురుచూసే భార్య ఉండాలన్న లెక్క ఒకటి స్థిరపడిపోయింది. అవేవీ అబద్ధాలు కావు. కానీ సొంత దుఃఖాన్ని ఒకసారి పాడితే బరువు దిగుతుంది. అడిగినప్పుడల్లా దాన్నే తవ్వి తీయాల్సి వస్తే దించిన మూట మళ్లీ నెత్తికెత్తుకున్నట్టే.

దీనికి తోడు నిద్ర. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. ఎండదెబ్బ నుంచి ప్రాణాలు కాపాడే మంచి నిబంధన అది. అయితే మా దగ్గర ఆ గంటల పని తెల్లవారుజాముకు జరిగింది. నాలుగింటికల్లా బస్సెక్కాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. పాటకు దొరికే నిశ్శబ్దం మాత్రం పదకొండు దాటాకే. పాటకు ఇచ్చే ప్రతి గంటా నిద్రలోంచి కోసిచ్చిందే. మా పాటగాడు కిందటి వేసవిలో నాలుగు నెలలు పాట ముట్టలేదు. తిండి తగ్గింది. ఇంటికి ఫోన్ చేసినా రెండు ముక్కలతో పెట్టేసేవాడు. అడిగితే ‘గొంతు బాగాలేదు’ అనేవాడు. గొంతుకు ఏమీ కాలేదు.

పాట మేలు, పాటతో బతుకు బరువు

ఈ రెండింటినీ వేరు చేసి చూడటం అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో వెలువరించిన నివేదిక 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు శరీరానికీ మనసుకూ మేలు చేస్తాయని తేల్చింది. అదే పాటను బతుకుగా మార్చుకున్నవారి సంగతి వేరు. బ్రిటన్‌లోని వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో సంగీత రంగానికి చెందిన 2,211 మందిని ప్రశ్నించారు. తీవ్రమైన ఆందోళన అనుభవించామని 71 శాతం, కుంగుబాటుకు గురయ్యామని 68.5 శాతం చెప్పారు. ఇవి జవాబిచ్చినవారు తమ గురించి తాము చెప్పుకున్న లెక్కలు. కాబట్టి పాడేవాళ్లందరికీ వర్తిస్తాయని అనలేం. వాళ్లు చెప్పిన కారణాలు మాత్రం మా గదికీ సరిపోతాయి. రేపటి రాబడి తెలియదు. పనికి వేళాపాళా లేదు. గుర్తింపు కోసం ఎదురుచూపు తప్పదు. పాటను ఎవరైనా ఒక మాటంటే అది మనిషికే తగులుతుంది. పాడటం మనసుకు మేలు చేస్తుంది, పాట మీద బతుకు లాగడం మనసును నలిపేస్తుంది అన్నది ఆ పరిశోధన సారాంశం.

మన దగ్గర ఇందుకు ఉదాహరణల కోసం దూరం పోనక్కర్లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది విడుదలైన ‘భీమ్లా నాయక్’ సినిమాతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. సత్కారం ఒక రోజుది, ఇంటి ఖర్చు రోజూ ఉండేది. పద్మశ్రీ అందుకున్నవారి సంగతే అలా ఉంటే, శాలువా, ప్లాస్టిక్ జ్ఞాపికతో సరిపెట్టుకునే గల్ఫ్ పాటగాడి గురించి చెప్పేదేముంది?

ప్రభుత్వాల వైపు చూస్తే, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం అందించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్నో ఏళ్ల డిమాండ్ తర్వాత వచ్చిన మంచి నిర్ణయమది. దానికి ముందు మెట్టు మాత్రం ఇంకా కట్టలేదు. మనిషి బతికి ఉండగా, మనసు కుంగుతున్న రోజున, తెలుగులో మాట్లాడే ఒక గొంతు అతనికి అందాలి.

ముత్యాల పడవ చెప్పే సంగతి

నేనుండే ఈ తీరానికే ఒక పాత పాఠం ఉంది. మాకు నైరుతిలో ఉన్న అల్ జుబారా 18, 19 శతాబ్దాల్లో ముత్యాల వ్యాపారానికి పెద్ద రేవు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అప్పట్లో ఎండాకాలం రాగానే పడవలు నెలల తరబడి సముద్రం మీద ఉండేవి. ఊపిరి బిగబట్టి అడుగుకు దూకేవాళ్లు, పైకి లాగేవాళ్లు, వాళ్లతో పాటు పాడేందుకు ఒక మనిషి. అతన్ని ‘నహ్హామ్’ అనేవారు. తెడ్డు వేసేటప్పుడు, తెరచాప ఎత్తేటప్పుడు అతను అందుకుంటే పడవంతా బదులు పాడేది. ఆ పాటల సంప్రదాయమైన ‘ఫిజిరి’ని బహ్రెయిన్ తరఫున 2021లో యునెస్కో గుర్తించింది. డోలు, తాళాలతో పాటు అందులో మట్టికుండ కూడా వాయిస్తారు. మన ఘటం గుర్తొస్తుంది.

ఆ పడవ మీద బతుకు సుఖమైనదని నేను అనడం లేదు. అప్పుల్లో కూరుకుపోయిన ముత్యగాళ్ల కథలు మన గల్ఫ్ కథలకేమీ తీసిపోవు. కానీ ఒక్క విషయంలో ఆ ఏర్పాటు మనకంటే మెరుగు. పాటను అక్కడ పనిగా లెక్కపెట్టారు. నహ్హామ్‌కు రాబడిలో వాటా ఉండేది. పాట మొదలుపెట్టేది అతనే అయినా మోసేది అందరూ.

మన పాత కళలూ అంతే. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అందుకుంటారు. కథకుడు కరుణ రసంలో మునిగి గొంతు పూడుకుపోయే వేళకు హాస్యగాడు ఒక చెణుకు విసురుతాడు. సభ నవ్వేలోపు కథకుడు ఊపిరి తీసుకుంటాడు. ఒగ్గు కథలో, భజనలో, బతుకమ్మ ఆటలో కూడా ముందు పాడేవాళ్ల మాట పూర్తికాకముందే వెనకవాళ్లు అందుకుంటారు. ‘వంత పాడటం’ అనే మాటను ఇప్పుడు తాన తందాన అనేవాళ్లను ఎత్తిపొడవడానికి వాడుతున్నాం. నిజానికి అది పాటగాడి ప్రాణాన్ని కాపాడే ఏర్పాటు. ఫోను, యూట్యూబు వచ్చి పాటను పది దేశాలకు తీసుకెళ్లాయి, వంతను మాత్రం తీసేశాయి. దుప్పటి కింద ఒక్కడే పాడి, ఒక్కడే లెక్కలు చూసుకుని, ఒక్కడే దిగులు పడుతున్నాడు.

బాధ ఉంటేనే పాటా?

కవికి, గాయకుడికి బాధ ఉండాలని, అది తగ్గితే పాట పలచబడుతుందని మనలో చాలామంది నమ్మకం. మా గదిలోనూ ఆ వాదన జరిగింది. ‘వాడు నవ్వుతూ పాడితే వినబుద్ధి కాదు’ అని ఒకరు అననే అన్నారు. ఆస్కార్ తెచ్చిన ‘నాటు నాటు’ గురించి చంద్రబోస్ చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆ పాటలో తొంభై శాతం ఒక్క పూటలో రాశారట. మిగిలిన పది శాతానికి ఏడాది ఏడు నెలలు పట్టిందట. ఆ పూటకు కావలసింది ఊరి జ్ఞాపకాలు, బతికిన బతుకు. అవి మన ప్రవాసుల దగ్గర బోలెడు. మిగతా పది శాతానికి కావలసింది ఓపిక, నిద్ర, ‘ఈ మాట బాగాలేదు, ఇంకోటి చూడు’ అని చెప్పే తోడు. కుంగిన మనసు మొదటిదాన్ని ఇస్తే ఇవ్వవచ్చు, రెండోదాన్ని ఇవ్వలేదు. మా పాటగాడు కుంగి ఉన్న నాలుగు నెలల్లో ఒక్క చరణం కూడా పుట్టలేదన్నది మేమంతా కళ్లారా చూసిన రుజువు.

మన చేతిలో ఉన్నవి

అతను ఎలా తేరుకున్నాడంటే, పక్క మంచం మీది నిజామాబాద్ మిత్రుడు ‘పాట ఎప్పుడు’ అని అడగడం మానేసి ‘నిద్ర పట్టిందా తమ్ముడూ’ అని అడగడం మొదలుపెట్టాడు. తర్వాత డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాడు. ముందు నిద్ర కుదుటపడింది. ఆకలి, మాట దాని వెనకే వచ్చాయి. పాట అన్నిటికంటే చివర వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోదగినది.

మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. గురువారం పాట రాత్రి తొమ్మిదిన్నరకు ఆగిపోతుంది. ఒక్కడే వరసగా రెండు పాటలకు మించి పాడడు, మిగతావాళ్లు తప్పో ఒప్పో వంత అందుకోవాలి. ఏడుపు పాట ఒకటి ఉంటే దాని వెనక ఒక హుషారు పాట ఉంటుంది. వీడ్కోలుకు పిలిచినవాళ్లు శాలువా బదులు కవర్లో కొంత డబ్బు పెడతారు. కొత్త పాటను ముందు మా పదిమందికి వినిపించాకే బయటికి పంపుతాడు. పెట్టిన రోజు రాత్రి అతని ఫోన్ నిజామాబాద్ మిత్రుడి దిండు కింద ఉంటుంది!

దోహాలోని మన తెలుగు సంఘాలు ఇంకొంచెం చేయగలవు. సినీ గాయకులను రప్పించే వేడుక బడ్జెట్‌లో చిన్న భాగం ఇక్కడే పని చేసుకుంటూ పాడేవాళ్లకు పారితోషికంగా ఇవ్వవచ్చు. వారానికి రెండు గంటలు నిశ్శబ్దంగా పాడుకోవడానికి ఒక గది చూపవచ్చు. రక్తదాన శిబిరాలు, వైద్య శిబిరాలు పెడుతూనే ఉన్నాం. వాటిలో తెలుగు తెలిసిన మానసిక వైద్యుడికి ఒక కుర్చీ వేయడం పెద్ద ఖర్చు కాదు.

సాయం కావాల్సినవారికి దారులున్నాయి. ఖతర్‌లో 16000 నంబరుకు ఫోన్ చేసి మానసిక ఆరోగ్య సేవను ఎంచుకోవచ్చు. ఊళ్లో ఉన్న కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి మనసు రానివాళ్ల కోసం పక్క మంచం మీద మనం ఉన్నాం.

మీ గదిలోనూ ఒక పాటగాడు ఉండే ఉంటాడు. ఈసారి పాట అయిపోగానే ‘ఇంకోటి’ అనకండి. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, తర్వాతి పల్లవి మీరు అందుకోండి. శ్రుతి కుదరకపోయినా ఫర్వాలేదు.