ఖైదీ ఇంటి ఫోను

2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఆసుపత్రి నిర్మాణం కోసం ఖాళీ చేసి, ఖైదీలను ఇతర జైళ్లకు తరలించారు. హైదరాబాదులోని చర్లపల్లి జైలు మన రామగిరికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ములాఖత్‌కు వెళ్లాలంటే దారి ఖర్చుతో పాటు ఆనాటి కూలీ కూడా పోతుంది. పేద తల్లికి ఇక మిగిలేది ఫోనే. 2016 నాటి కేంద్ర నమూనా జైలు నియమావళి ఆ సదుపాయాన్ని రుసుముపై అనుమతించింది. ఖైదీ సంపాదన చాలనప్పుడు ఆ భారం ఏ నేరమూ చేయని ఇంటివారిపైనే పడుతుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 2021లో చట్టం చేసి జైలు కాల్స్‌ను ఉచితం చేసింది.

దహ్ర్ సూరా 8వ ఆయతు నిరుపేదతో, అనాథతో పాటు ఖైదీకీ అన్నం పెట్టేవారిని ప్రశంసించింది. ప్రియ పాఠకులారా! మీ బస్తీలో అలాంటి ఇల్లుంటే, ఈ నెల సదఖాలో ఆ ఫోను ఖర్చును చేర్చండి. ఆ బిడ్డలను తండ్రి నేరమేమిటని మాత్రం అడగకండి.