పళ్ల పట్టాలు నేర్పిన పాఠం

అల్లాహ్ సృష్టిని పరికించడానికి భూమిపై సంచరించమని దివ్యఖుర్ఆన్ మనకు ఉపదేశిస్తుంది. గత సెలవులలో సకుటుంబంగా నీలగిరులకు వెళ్లాము. మేట్టుపాళయం నుండి ఊటీకి 46 కిలోమీటర్లు. కొండరైలు పైకి చేరడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు రైలు నడిచిన ఈ మార్గం 2005 నుండి ప్రపంచ వారసత్వ సంపద.

కల్లారు దాటాక అడవి దట్టమవుతుంది, దారి ఏటవాలవుతుంది. కొన్నిచోట్ల 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు. నున్నని పట్టాలపై చక్రాలు జారిపోతాయి గనుక, కూనూరు వరకు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కడ్డీలు అమర్చారు. ఇంజనుకున్న పళ్లచక్రం ఒక్కొక్క పంటినే పట్టుకుంటూ సాగుతుంది. ఇంజను పెట్టెలను వెనుకనుండి నెడుతుంది.

“అబ్బాజాన్, ఎంత నెమ్మదో!” అని మా చిన్నవాడు విసుక్కున్నాడు. నాకు మదరసాలోని ఒక హిఫ్జ్ విద్యార్థి గుర్తుకువచ్చాడు. పాత పాఠం అప్పజెప్పనిదే కొత్త ఆయతు ముట్టని ఆ బాలుణ్ణి, వెనుకబడ్డావని సెలవులకు ముందు అందరి ఎదుటా మందలించాను. ముందుకు పరుగెత్తినవారిలో ఇద్దరు తొలి పారాలే మరిచిన సంగతి అప్పుడు నాకు తట్టలేదు. కట్లు తెంచుకునే ఒంటెకంటే త్వరగా ఖుర్ఆన్ హృదయం నుండి జారిపోతుందని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఏటా బోధించేది నేనే!

తిరిగివచ్చాక అదే తరగతిలో, అందరి ఎదుటే అతణ్ణి క్షమాపణ కోరాను. తల్లిదండ్రులారా! “ఎన్ని పారాలయ్యాయి?” అని అడిగేముందు, “నిన్నటి పాఠం వినిపించు నాయనా” అని బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. అల్లాహ్ మనందరికీ స్థిరత్వాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.